పాటిదిబ్బకు కాపలా కాద్దాం

వేసవి దుక్కులకు ముందు పల్లెల్లో పాటిమట్టి తోలకాలు సాగుతుంటాయి. ఎప్పుడో పాడుబడి దిబ్బయిపోయిన పాత ఊరి మట్టిని తవ్వి, ట్రాక్టర్లకెత్తి, చేలల్లో చల్లుకుంటారు. ఆ మట్టికి సత్తువ ఎక్కువని రైతుకు తరతరాలుగా తెలుసు. దక్షిణ తెలంగాణలోనూ, రాయలసీమలోనూ, పక్కనున్న బళ్ళారి, రాయచూరు ప్రాంతాల్లోనూ బూడిదదిబ్బలకు పట్టిన గతి కూడా ఇదే. మట్టితో పాటు కుండపెంకులూ తొట్టిలోకి ఎక్కుతాయి. చేలో నాగలికి అడ్డొచ్చినవాటిని ఏరి గట్టు మీదికి విసిరేస్తాం. వాటిలో చదునైనది దొరికితే పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆటకు పట్టుకుపోతారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. అయినా ఈ తోలకం ఆగాలనీ, ఆపడం మనందరి ఉమ్మడి పని అనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను. రైతులారా, బడిపంతుళ్ళారా, కాలేజీ విద్యార్థులారా, సర్పంచులారా, ప్రయోగశాలల్లో పనిచేసే తెలుగు బిడ్డలారా, కాసేపు వినండి.

బూడిదదిబ్బలంటే ఏమిటో ఒకప్పుడు ఎవరికీ అంతుపట్టలేదు. రాక్షసుల చితాభస్మమని కొన్ని ఊళ్ళలో చెప్పుకున్నారు. హంపి దగ్గరి నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా ఇప్పటికీ చూపిస్తారు. అగ్నిపర్వతపు బూడిద అన్నవాళ్ళున్నారు, ఇనుము కరిగించిన కొలిమి చిట్టెం అన్నవాళ్ళున్నారు. ఇవి పశువుల పేడ కాలిన దిబ్బలై ఉంటాయని పందొమ్మిదో శతాబ్దంలోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనుమానించాడు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వినప్పుడు ఆ అనుమానం తీరింది. బూడిద పొరల కింద దడి కట్టిన గుంజల గుంతలు వరసగా కనిపించాయి. ఆ దొడ్డి నేల మీద ఆవుల గిట్టల ముద్రలు అలాగే ఉన్నాయి. బూడిద పేడదేనని 1960లో జాయ్నర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి తేల్చాడు. పేడ పోగులను మళ్ళీ మళ్ళీ కాల్చడం వల్ల దిబ్బ పెరిగిందన్నమాట. ఎందుకు కాల్చారన్న దానికి ఆల్చిన్ మన పండుగ మంటల వైపు చూశాడు. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, ఆ వాదం ఇంకా తెగలేదు.

ఉట్నూరు బొగ్గుకు రేడియో కార్బన్ పరీక్ష చేస్తే నాలుగున్నర వేల ఏళ్ళకు తక్కువ కాని వయసు తేలింది. దీని విలువ తెలియాలంటే ఆ తవ్వకానికి పదేళ్ళ ముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 1947లో మార్టిమర్ వీలర్ చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిని తవ్వి, అక్కడి రాతి గొడ్డళ్ళ జనాన్ని క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలోకి తెచ్చి కూర్చోబెట్టాడు. ఆయన సామాన్యుడు కాడు. అరికమేడులో రోమన్ కుండల ఆధారంగా దక్షిణాది కాలక్రమానికి పునాది వేసినవాడు. అంతటివాడి లెక్కనూ పాలమూరు దిబ్బలోని బొగ్గు వెయ్యేళ్ళకు పైగా వెనక్కి నెట్టింది. ఆ దిబ్బను ఎవరో ముందే తోలేసుకుని ఉంటే దక్కనులో తొలి వ్యవసాయం వయసు చాలాకాలం తప్పుగానే చదువుకుని ఉండేవాళ్ళం.

ఆ జనం అక్షరం రాయలేదు. వాళ్ళ పేరేమిటో, ఏ భాష మాట్లాడారో మనకు తెలిసే వీలు లేదు. మిగిలినవి నూరిన రాతి గొడ్డళ్ళు, ఎముకలు, మాడిన గింజలు, అన్నిటికంటే ఎక్కువగా కుండపెంకులు. కుండ పగిలిపోతుంది, కానీ పెంకు కుళ్ళదు, తుప్పు పట్టదు, కరిగించి మళ్ళీ వాడుకోవడానికీ పనికిరాదు. అందుకే ప్రతి దిబ్బ మీదా అదే ముందు కనిపిస్తుంది. దాన్ని చదవడం ఎలాగో తెలియాలి, అంతే.

ఆ కుండలు ఎలాంటివో చూడండి. తొలి దశలో ఎక్కువ భాగం చేత్తో చేసినవి. మట్టి తీగలు చుట్టి, లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొట్టి పలుచన చేశారు. ఆరీ ఆరని స్థితిలో నున్నటి గులకరాయితో రుద్ది మెరుగు పెట్టారు. గాలి తక్కువగా ఆడేలా కాల్చడంతో బూడిదరంగు, నలుపు, గోధుమ ఛాయలు వచ్చాయి. కొన్నిటికి కాల్చిన తరువాత ఎర్రకావితో పట్టీలు గీశారు. కాల్చాక పూసిన రంగు గట్టిగా నిలవదు, తడిగుడ్డతో తుడిచినా లేచిపోతుంది. నాలుగువేల ఏళ్ళు నిలిచిన రంగును, పెంకు దొరికిన సంబరంలో బోరు కింద పెట్టి కడిగేసి అరనిమిషంలో పోగొట్టడం మనవాళ్ళకు చేతనైన పని. తరువాతి కాలంలో సారె మీద చేసిన కుండలు ఎక్కువయ్యాయి. బనగానపల్లె దగ్గరి పాతపాడు పేరు మీద ప్రసిద్ధమైన రంగుల పాత్రలున్నాయి. ఎర్రటి ఒంటి మీద ముదురు రంగు గీతలు, కొన్నిటికి పొడుగాటి ముక్కు. ఒంపుకుని తాగడానికో, పోయడానికో చేసిన పాత్ర అది. పెద్ద నోటి గిన్నెలు, సన్నమెడ కుండలు, గింజ దాచే బానలు, అడుగున చిల్లులున్న పాత్రలు కూడా ఈ కాలపు స్థలాల్లో దొరికాయి. పసిపిల్లలు చనిపోతే పెద్ద కుండలో పెట్టి ఇంటి నేల కిందే పూడ్చారు. నాగార్జునకొండ, బ్రహ్మగిరి, టెక్కలకోట వంటి చోట్ల అలాంటి ఖననాలు బయటపడ్డాయి. గింజ దాచుకున్నదీ కుండలోనే, బిడ్డను దాచుకున్నదీ కుండలోనే.

ఇంత తెలిసిన తరువాత కూడా పెంకును పెంకులా చూడగలమా?

కుండ అంచు ముక్క బొటనవేలంత దొరికినా చాలు. దాని వంపును వలయాలు గీసిన కాగితం మీద ఆనించి చూస్తే మూతి వెడల్పు తేలుతుంది. మూతి తెలిస్తే కుండ పరిమాణం ఊహించవచ్చు. ఒక దిబ్బలో చిన్న కుండలే ఎక్కువుంటే అది ఒక్కో కుటుంబం వంట. పెద్ద పెద్ద పాత్రలు గుంపుగా ఒకేచోట పగిలి ఉంటే అక్కడ జాతరో, ఊరుమ్మడి విందో జరిగి ఉండవచ్చు. పెంకును పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే మట్టిలో ఏయే ఖనిజాలున్నాయో కనిపిస్తుంది. అవి ఆ ఊరి వాగులో దొరికేవేనా, పొరుగు సీమవా అన్నదాన్నిబట్టి ఎవరికి ఎవరితో రాకపోకలుండేవో తెలుస్తుంది. మట్టిలో కలిపిన ఊక కాలిపోయినా దాని అచ్చు మిగిలిపోతుంది. ఆ అచ్చులోంచి ఏ ధాన్యం దంచారో చెప్పగలిగినవాళ్ళున్నారు. ఏ మట్టీ అబద్ధమాడదు, కాకపోతే అడిగినదానికే జవాబిస్తుంది.

గింజల సంగతికొస్తే, ఇందులో మనవాళ్ళకు కొంచెం ఆశ్చర్యం, కొంచెం గర్వభంగం ఉన్నాయి. పురావస్తు వృక్షశాస్త్రవేత్త డోరియన్ ఫుల్లర్ బృందం కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాల దిబ్బల మట్టిని నీళ్ళలో కలిపి, తేలిన బొగ్గు గింజలను ఏరి పరీక్షించింది. హనుమంతరావుపేట, పెద్దముడియం, సింగనపల్లె, సంగనకల్లు వంటి ఊళ్ళ పేర్లు ఇప్పుడు ప్రపంచ వ్యవసాయ చరిత్రలో ఉన్నాయి. తొలి రైతుల ప్రధాన పంటలుగా తేలినవి అండుకొర్ర, కొర్రకు దగ్గరి ఇంకో చిరుగింజ, ఉలవలు, పెసలు. గోధుమ, బార్లీ ఉత్తరాది నుంచి వచ్చాయి. మనం ఆదినుంచీ మనవే అనుకునే జొన్న, సజ్జ, రాగి ఆఫ్రికాలో పుట్టి, తరువాతి కాలంలో ఇక్కడికి చేరిన పంటలు. అంటే ఉట్నూరు దొడ్డిలో ఆవులు కట్టినవాడికి జొన్నరొట్టె తెలియదు, రాగిసంకటి తెలియదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా, అప్పుడు వాట్సాప్‌లో తిరిగిన ‘పదివేల ఏళ్ళ తెలుగు రాగిజావ’ రాతలు రాసినవాళ్ళెవరూ ఒక్క పెంకునూ, ఒక్క మాడిన గింజనూ అడిగి ఉండరు. మన ఉలవకు మాత్రం ఆ తొలి రైతుల నాటి వంశవృక్షం నిజంగానే ఉంది. నిజం ఉన్నచోట అతిశయోక్తి అవసరమేముంది?

ఇక్కడే ఒక జాగ్రత్త. కుండ కనిపించిన ప్రతిచోటా వ్యవసాయం ఉందని తీర్మానించకూడదు. చైనాలోని షియాన్‌రెన్‌డాంగ్ గుహలో ఇరవై వేల ఏళ్ళనాటి కుండపెంకులు దొరికాయి, వాటిని చేసినవాళ్ళు వేటగాళ్ళు, ఏరుకు తినేవాళ్ళు. అటు బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తొలి రైతులు గోధుమ, బార్లీ పండించారు, మేకలను మేపారు, కానీ కుండ చేయలేదు. పాలస్తీనాలోని జెరికోలో కుండ లేని కాలపు పల్లెను కాథ్లీన్ కెన్యన్ తవ్వి చూపింది. కాబట్టి పెంకు ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదు. దాని పక్కనున్న గింజ, ఎముక, బొగ్గు, దాని పైపొర, కిందిపొర అన్నీ కలిసి చెబితేనే సాక్ష్యం నిలుస్తుంది. చోటు నుంచి కదిలిన పెంకు, సర్వే నంబరు చెరిగిపోయిన పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. ఎవరికో భూమి ఉండేదని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు, ఎంతో తెలియదు, ఏ కోర్టులోనూ చెల్లదు.

మీ బడి అల్మరాలో ఇలాంటి పెంకులు పోగేసి పెట్టాలని ఉత్సాహపడేవారికి కూడా ఇదే మాట. ఏరి దాచడం కాపాడడం అవ్వదు. పెంకులోని స్ఫటికపు రేణువులు చివరిసారి నిప్పులో పడిన నాటి నుంచి చుట్టూ ఉన్న మట్టి రేడియోధార్మికత నుంచి వచ్చే శక్తిని మెల్లగా పోగుచేసుకుంటాయి. ప్రయోగశాలలో మళ్ళీ వేడి చేసినప్పుడు ఆ శక్తి వెలుగుగా బయటపడుతుంది, దాన్ని కొలిచి వయసు లెక్కగడతారు. థర్మోల్యూమినిసెన్స్ అంటారు దీన్ని. ఈ లెక్కకు పెంకు ఒక్కటే చాలదు, అది పాతిపెట్టి ఉన్న చుట్టుపక్కల మట్టి కూడా కావాలి. ఆ మట్టి లేకుండా అల్మరాలో దుమ్ముకొట్టుకున్న పెంకు తన పుట్టినతేదీని సరిగా చెప్పలేదు.

పాల సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. ఆవులున్నాయి సరే, వాటిని మాంసానికే పెంచారా, పాలు పితికారా? ఎముకలు కొంత చెబుతాయి, గట్టి జవాబు కుండలోనే ఉంది. వంట చేసినప్పుడు కొవ్వు కుండ గోడలోని సన్నని రంధ్రాల్లోకి ఇంకి వేల ఏళ్ళు దాక్కుంటుంది. ఆ కొవ్వు ఆమ్లాల్లో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి చూసి అది పశువు మాంసపు కొవ్వా, పాలకొవ్వా అని విడదీయవచ్చు. పోలండ్‌లోని కుయావియా ప్రాంతంలో తొలి రైతుల పల్లెల్లో చిల్లుల పెంకులు దొరికాయి. అవి జున్ను వడకట్టే పాత్రలై ఉంటాయని పురావస్తు శాస్త్రవేత్త పీటర్ బొగుకీ 1980ల్లోనే అన్నాడు. రుజువు లేదు. 2012లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞులు అవే పెంకుల్లో పాలకొవ్వు పట్టుకుని ఆయన మాట నిజమని తేల్చారు. మూడు దశాబ్దాల పాటు ఆ పెంకులు చీటీతో సహా భద్రంగా ఉండబట్టే అది జరిగింది. మన దేశంలోనూ గుజరాత్‌లోని కోటడా భద్లీ అనే హరప్పా కాలపు చిన్న పల్లె పెంకుల్లో పాల పదార్థాల ఆనవాళ్ళు ఉన్నాయని 2020లో కల్యాణ్ శేఖర్ చక్రవర్తి బృందం ప్రకటించింది. మన దక్కను చిల్లుల పాత్రలు దేనికి పనికొచ్చాయి? ఆవిరి మీద ఉడికించడానికా, పెరుగు వడకట్టడానికా? ఈ ప్రశ్నను మన పిల్లలు తమ ప్రశ్నగా తీసుకోవాలని నా కోరిక.

హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న మందుల కంపెనీల్లో గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. మాత్రలో మలినం ఎంతుందో చూసే ఆ విద్యే కుండలో కొవ్వు ఏదో చూసే విద్యకు మొదటి మెట్టు. ఐసోటోపులకు ఇంకో ప్రత్యేక యంత్రం కావాలి, అంతే. ఆ యంత్రాల మీద చేయి తిరిగిన వేలాది తెలుగు యువతీయువకులు ఇక్కడా ఉన్నారు, అమెరికాలో, యూరపులో కూడా ఉన్నారు. వాళ్ళకు నా విన్నపం ఒకటే. మీ సొంతూరి చుట్టుపక్కల ఏ దిబ్బ ఉందో, దాన్ని తవ్విన పరిశోధకులెవరో కనుక్కోండి. మీ యంత్రం మీద ఒక వారాంతం అడగండి. గుడికి గోపురం కట్టించడానికి చందా ఇచ్చే మనసు, పది పెంకుల పరీక్షకు ఖర్చు పెట్టుకోలేదా? ఒక్క హెచ్చరిక. మన ఎండకు, వానకు కొవ్వులు యూరపు మట్టిలో నిలిచినంత బాగా నిలవవు. దొరికే కొద్దిపాటి ఆనవాలును మన చేతి నూనె, ప్లాస్టిక్ కవరు కలిసి పాడుచేస్తాయి. అందుకే తవ్వకంలో ఈ పరీక్షకని ఎంచిన పెంకును కడగకుండా, ఉత్త చేత్తో తాకకుండా, అల్యూమినియం రేకులో చుట్టి పంపాలి. రసాయన శాస్త్రం చదివినవాడు తవ్వకం దగ్గర ఒక్కడుంటే చాలు, ఈ మాట పదేపదే చెప్పడానికి.

ఇలాంటి పనికి తలవంచిన తెలుగువాళ్ళు లేరనుకోకండి. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసిన వి. రామిరెడ్డి అనంతపురం జిల్లాలోని పాలవాయి బూడిదదిబ్బను తవ్వి, 1976లో పుస్తకంగా తెచ్చారు. కాట్రగడ్డ పద్దయ్య పుణె దక్కన్ కళాశాలలో ఉంటూ గుల్బర్గా ప్రాంతంలోని బుదిహాళ్‌లో ఏళ్ళ తరబడి తవ్వారు. బూడిదదిబ్బ పక్కనే మనుషులు కాపురమున్నారనీ, పశువులను కోసిన నేల ఉందనీ చూపించి, దొడ్డి ఒక్కటే అన్న పాత ఊహను సరిదిద్దారు. ఆయనకు 2012లో పద్మశ్రీ వచ్చింది. మన సినిమా తారల పుట్టినరోజులు బట్టీపట్టిన కుర్రాళ్ళలో ఈ రెండు పేర్లు విన్నవాళ్ళు ఎందరు?

సర్కారు చూసుకుంటుందిలే అనే మాట మనకు తేలిక. నాగార్జునసాగర్ ముంపు వచ్చినప్పుడు సర్కారు చూసుకుంది కూడా. 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వి, కొత్త రాతియుగపు గుంతల ఇళ్ళ నుంచి ఇక్ష్వాకుల కట్టడాల వరకు వెలికితీసి, దొరికినవాటిని కొండ మీది మ్యూజియంలో పెట్టారు. దేశం గర్వించదగ్గ పని అది. మరి ఆ తవ్వకపు నివేదిక? మొదటి సంపుటి 1975లో, రెండోది 2006లో వచ్చాయి. తవ్వినవాళ్ళలో రాయకముందే ఎంతమంది కన్నుమూశారో! నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. లక్షల పెంకులను కడిగి, అంకె వేసి, బొమ్మ గీసి, వర్గీకరించడం పిడికెడు మంది ఉద్యోగుల వల్ల అయ్యే పని కాదు. చేతులు కావాలి. ఆ చేతులు మనవి.

రాజ్యాంగంలో 51ఏ అధికరణం 1976లో చేరింది. మన సమ్మిళిత సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని అందులో ఉంది. హక్కుల గురించి గొంతెత్తే మనం, ఈ విధిని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వదిలేశాం. రక్షిత కట్టడాల చుట్టూ నూరు మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపై రెండు వందల మీటర్లు నియంత్రణ అని 2010లో చట్టం కట్టుదిట్టమైంది. అయితే ఆ రక్షణ జాబితాకెక్కిన చోట్లకే. ఊరవతల పేరులేని పాటిదిబ్బ ఏ జాబితాలోనూ ఉండదు. దానికి మీ గ్రామసభే చట్టం.

కాబట్టి సర్పంచులారా, ముందు మీతో మొదలుపెడతాను. మీ ఊరి పరిధిలోని పాటిదిబ్బలు, బూడిదదిబ్బలు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో పట్వారీల కాలం నాటి పెద్దలను అడిగి రాయించండి. వాటి నుంచి మట్టి తోలకూడదని గ్రామసభలో తీర్మానం పెట్టండి. ఉపాధి హామీ కింద భూమి చదును, చెరువు పూడికతీత పనులకు అంచనాలు వేసేటప్పుడు ఆ నంబర్లు ముందు చూసుకోండి. జేసీబీ డ్రైవరుకు ఒక మాట చెప్పి ఉంచండి: బూడిద పొరో, గుట్టగా పెంకులో కనిపిస్తే బకెట్ పైకెత్తి ఫోన్ చేయాలని. అతను పొగరుబోతు కాడు, ఎవరూ చెప్పలేదు కాబట్టి తవ్వుతున్నాడు.

రైతన్నా, నీ మీద బరువంతా వేయడం న్యాయం కాదని తెలుసు. పాటిమట్టి వదులుకుంటే ఎరువు ఖర్చు పెరుగుతుంది. అందుకే ఆ దిబ్బ నీ పట్టా భూమిలో ఉంటే, దాన్ని దున్నకుండా వదిలినందుకు పరిహారం అడిగే హక్కు నీకుండాలనీ, ఆ గొంతులో మేమంతా గొంతు కలపాలనీ అంటాను. నీ చేలో బూడిదకు బలం వచ్చింది ఎవరి పేడ వల్ల? నాలుగువేల ఏళ్ళ కిందట ఇదే నేల మీద ఆవులు కట్టిన నీలాంటి రైతు వల్లే. ఆయన లెక్క నీ చేతిలో ఉంది.

కుమ్మరి పెద్దల్లారా, మీరు లేకుండా ఈ పని సాగదు. పెంకును వేలితో తడిమి ఇది సారె మీద లేచిందా, చేత్తో కట్టిందా, ఆవంలో గాలి ఆడిందా లేదా అని చెప్పగలిగినవాళ్ళు మీరు. విశ్వవిద్యాలయంలో నాలుగు సంవత్సరాలు చదివినవాడికి అది రాదు. ప్లాస్టిక్ బిందెలు, స్టీలు గిన్నెలు వచ్చాక మీ ఆవంలో నిప్పు చల్లారిపోయింది, మీ పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. మీ దగ్గరున్న విద్య కూడా దిబ్బలోకి చేరకముందే రాసుకోవాలి, వీడియో తీసుకోవాలి. ఏ చెరువు మట్టి పనికొస్తుంది, ఎంత ఇసుక కలపాలి, వానాకాలంలో ఎందుకు కాల్చరు అన్నవన్నీ పురావస్తు శాస్త్రానికి అక్షరాలా ఆధారాలే. కాలేజీ విద్యార్థులు మీ గుమ్మం ముందుకు వస్తే కసురుకోకండి. వాళ్ళూ ఊరికే రాకూడదు, మీ సమయానికి కూలి కట్టి ఇవ్వాలి.

ఇక బడిపంతుళ్ళు. ఆరో తరగతి సాంఘికశాస్త్రంలో రాతియుగం పాఠం ఒక్క పీరియడ్‌లో దాటించేస్తాం. ఊళ్ళో దిబ్బ ఉంటే ఆ పీరియడ్ అక్కడే పెట్టండి. పిల్లలను వరసగా నడిపించండి, చూడమనండి, తాకనీయకండి. కనిపించిన పెంకును అక్కడే ఉంచి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయాలి. ఫోన్‌లో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయాలి. అంచు ముక్కా, అడుగు ముక్కా, మెడ ముక్కా, నున్నగా ఉందా గరుకుగా ఉందా, లోపల ఊక అచ్చులున్నాయా అని పిల్లలే రాయాలి. చదరాల కాగితం మీద దిబ్బ పటం గీయించండి. ఆ నోటుపుస్తకం నకలు ఒకటి పంచాయతీలో, ఒకటి జిల్లా మ్యూజియంలో, ఒకటి దగ్గరి విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలో ఇవ్వండి. ఇంగ్లండులో 1997 నుంచి సామాన్యులు తమకు దొరికిన పాత వస్తువులను నమోదు చేయించే పథకం నడుస్తోంది. అక్కడి జనం మనకంటే తెలివైనవాళ్ళేమీ కాదు, వాళ్ళకు నమోదు అలవాటైంది. మనకూ అవుతుంది.

డిగ్రీ విద్యార్థుల్లో చరిత్ర తీసుకున్నవాళ్ళు తగ్గిపోతున్నారని అధ్యాపకులు బాధపడుతుంటారు. బాధపడి లాభం లేదు. పెంకుల బొమ్మలు గీయడం నేర్పే ఒక్క శిబిరం పెట్టండి, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం, రసాయనం విద్యార్థులను కూడా పిలవండి. గింజలను గుర్తుపట్టేది వృక్షశాస్త్రం, మట్టిని గుర్తుపట్టేది భూగర్భశాస్త్రం. చరిత్ర శాఖకు ఇంతమంది మిత్రులున్నారని చరిత్ర శాఖకే తెలియదు.

దీంతో కడుపు నిండుతుందా అని అడిగేవారున్నారు. అనంతపురం కరువు నేల మీద నీటి తడి లేకుండా ఏ గింజ నిలిచిందో, ఎన్ని వందల ఏళ్ళు నిలిచిందో, ఎప్పుడు దాన్ని వదిలి జనం వలసపోయారో చెప్పే దస్తావేజులు ఈ దిబ్బల్లో తప్ప ఇంకెక్కడా లేవు. వాన తగ్గిన కాలంలో తొలి రైతులు పంట మార్చుకున్నారా, మంద పెంచుకున్నారా అన్నది మనకు అక్కరలేని ప్రశ్నేనా? అండుకొర్రను మళ్ళీ చేలోకి తెస్తున్న రైతులను అడగండి.

సిగ్గుపడాల్సిన మాట కూడా ఒకటుంది. పాత బంగారం దొరికిందంటే ఊరంతా కదులుతుంది, టీవీ వ్యాన్ వస్తుంది, కలెక్టరు వస్తారు. గుప్తనిధుల పిచ్చితో రాత్రిపూట దిబ్బలు తవ్వి, కుండలు పగలగొట్టి, ఏమీ దొరక్క పోయేవాళ్ళ సంగతి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. కొత్త రాతియుగపు దిబ్బలో బంగారం కుప్పలుండవు. ఉన్నది కుండ, అందులో మాడిన ఉలవగింజ. వాళ్ళకు అదే ఆస్తి. రాత్రి టార్చిలైటు కనిపిస్తే చూసీచూడనట్టు పోకండి, పోలీసులకు చెప్పండి. ఆ దిబ్బ ఎవరి అబ్బసొత్తూ కాదు, మీ ఊరి ఉమ్మడి సొత్తు.

తొలకరి వాన ఒకటి రెండు పడి, కలుపు మొలవకముందు నేల మీది పెంకులు కడిగినట్టు బయటికి కనబడతాయి. సర్వే చేయడానికి అంతకంటే మంచి అదను లేదు. ఇప్పుడే మీ ఊరి నుంచి ఐదుగురు పేర్లు రాసుకోండి: ఒక టీచరు, ఒక రైతు, ఒక కుమ్మరి, ఇద్దరు విద్యార్థులు. దిబ్బ భూమి ఎవరి పేరున ఉందో చూసి వాళ్ళ అనుమతి తీసుకోండి. కొలత టేపు, నోటుపుస్తకం, ఫోన్ చాలు. పార, గడ్డపార ఇంట్లోనే వదిలి రండి.